రంగం లుంగీ, ఉద్దానం బొంత

శ్రీకాకుళం జిల్లా 1950 ఆగస్టు 15వ తేదీన అవతరించినది. ఆ పుట్టుకకు 75 ఏండ్లు నిండిన సందర్భమున ఈ ప్రాంతపు ఘనతను గూర్చి ఏదైన వ్రాసి శుక్రవారము సాయంకాలములోగా పంపవలసినదని సంపాదకులు కబురు చేసినప్పుడు, ముఖలింగేశ్వరుని గూర్చియు, అరసవిల్లి ఆదిత్యుని గూర్చియు వ్రాయదగినవారు నాకంటె ముందే కలములు విదిల్చియుందురని తెలిసినవాడనై, ఎవ్వరును పోటీకి రాని వస్తువు నొకదానిని ఎన్నుకొంటిని. అది మా యింటి అటకమీద, దిబ్బరొట్టె మందమున, కలరా ఉండల వాసనతో మడతపడియున్న బొంత.

నా సంకల్పమును కాశీబుగ్గలోని మేనత్తకు విన్నవించితిని. ఆమెకును జిల్లాకును ఒకటే వయస్సు. ఆ సమయమున ఆమె చేట ముందు పెట్టుకొని జీడిపప్పు పొట్టు తీయుచున్నది. తల యెత్తకయే, "ఏట్రా, బొంత మీద రాత్తావా? దాన్లో రాయడానికేటున్నాది? పాత గుడ్డలూ, కుట్టూను!" అన్నది. ఈ వ్యాసమునకు వలసిన విషయమంతయు ఆ రెండు మాటలలోనే యున్నది. తక్కినది నేను తగిలించిన అంచు. నౌపడా నుండి టెక్కలి మీదుగా 1900లో వేసిన చిన్నరైలు పోయి ఆగిన పర్లాకిమిడిలో బడిపంతులుగా నుండి వాడుకభాషకై పోరాడిన గిడుగు రామమూర్తి పంతులుగారు నా వాక్యములను చూచినచో క్షమించెడివారు కారు గాని, మా అత్త మాటను మాత్రము చెవి యొగ్గి వినియుందురు.

ముందుగా పాత గుడ్డల సంగతి. కొత్తగుడ్డతో బొంత కుట్టరు. కొత్తదానిలో గంజి బిగువుండును, ఒడలికి ఒరసికొనును. ఏడెనిమిదేండ్లపాటు చాకిరేవు బండమీద దెబ్బలు తిని, నూతిగట్టున నానినాని, పోగుకు పోగు విడిపోవుటకు సిద్ధమైన నూలుకోకకే ఆ మెత్తదనము సిద్ధించును. ఈ కారణముచేతనే పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపిల్ల బిడ్డ నెత్తుకొని అత్తవారింటికి పోవునప్పుడు సారెతోపాటు పంపెడి చిన్నబొంతలో అమ్మమ్మ కోక ఒక పొరయైనను ఉండి తీరవలెను. పసిబిడ్డ ఒంటికి పెద్దవారు కట్టివిడిచిన గుడ్డయే శుభమందురు. మెత్తదనమునకు మనవారు పెట్టుకొన్న మరియొక పేరు శుభమని నా అనుమానము.

ఇక కుట్టు. నూర్పులు ముగిసి చేతికి తెరపి దొరకిన మాఘమాసపు మధ్యాహ్నవేళ, వీధియరుగుమీద గాని, కొబ్బరితోటలో నీడపట్టున గాని, కాస్త గట్టిగానున్న కోక నొకదానిని పరచి, నాలుగు మూలలను సన్నికల్లుతోను, రోకలితోను, చేతికందిన ఇటుకలతోను అదిమిపెట్టి, దానిపై పంచెల చిరుగులను, పిల్లలకు పొట్టియైపోయిన గౌనులను, తుండుగుడ్డలను ఎత్తుపల్లములు లేకుండ పొరలు పొరలుగా అమర్చి, అన్నిటిమీదను మరియొక కోక కప్పుదురు. అంచులు లోపలికి మడిచి, పొరలు జరుగకుండ ముందు దూరదూరముగా పెద్ద టాకాలు వేసి, పిమ్మట ఇద్దరు ఆడవారు చెరియొక వైపున కూర్చుండి అంచునుండి నడిమికి వరుస వెంబడి వరుసగా కుట్టుకొని పోవుదురు. దారము అంగడినుండి రాదు. చిరిగిన కోక అంచునుండియే పోగులు లాగి, రెండు మూడు కలిపి తొడమీద పేని సూది కెక్కింతురు; పొరలు దళసరియైన చోట దబ్బనమే దిక్కు. పొద్దుగుంకిన పిమ్మట సూది యెరువియ్యరాదను నియమము గలదు గనుక, చీకటి పడులోగా ఎవరి సూది వారి బొట్టుపెట్టెలో చేరును. ముగిసిన బొంతను వెలుతురులో పరచి చూచినచో రెండు చేతుల కుట్టు నడుమ కలిసిన చోటు స్పష్టముగా కనబడును. ఒక వైపు నువ్వుగింజలు చల్లినట్లుండును, రెండవ వైపు బియ్యపుగింజలు. నువ్వులు అత్తవియా కోడలివియా అను విషయమున మా యింట నేటికిని ఏకాభిప్రాయము లేదు.

మా మేనత్త చిన్ననాట చాలకాలము జీడిగింజలు కొట్టు పనికి పోయినది. గింజ పగిలినప్పుడు చిమ్మెడి రసము సోకి ఆమె వ్రేళ్ళ కొసలు నల్లబడి, చర్మము మొద్దువారినది. దర్జీలు వ్రేలికి తొడుగుకొను ఇత్తడి టోపీ ఆమెకు అక్కరలేదు. సూది తలను ఆ వ్రేలితోనే నెట్టును. "నొప్పెట్టదే" అని ఆమె యన్నప్పుడు అందులో ఫిర్యాదు లేదు, పనివారి గర్వమున్నది.

ఈ విద్యకు చరిత్ర వ్రాయవలెనన్నచో రెండువేల ఏండ్లను రెండడుగులలో దాటవలసియున్నది. వంశధార ఒడ్డున శాలిహుండము కొండమీద స్తూపములు కట్టుకొనియున్న బౌద్ధభిక్షువులకు పారవేసిన పేలికల నతికిన చీవరము శాస్త్రవిహితము. మగధదేశపు వరిమళ్ళు గట్లచే విభక్తములై యున్న తీరును ఆనందునకు చూపి, చీవరమును అట్లు కూర్పవచ్చునా యని బుద్ధుడు అడిగినట్లు వినయపిటకమున గలదు. శాలిహుండము పైనుండి క్రిందికి చూచువారికి మన వరిమళ్ళును అట్లే కనబడును. సంస్కృతమున దీనిని కంథ యందురు. వైరాగ్యమును బోధించిన కవులలో కంథను ఒక్కమారైన భుజమున వైచుకొననివారు అరుదు. ఒడియాలోను వంగభాషలోను నేటికిని ఆ మాటయే ఇంటివాడుకలో నున్నది గనుక, ఇచ్ఛాపురము దాటి నాలుగడుగులు వేసినచో మన బొంత కంథయైపోవును. తూర్పు గాంగులు ముఖలింగ శాసనములలో అఖండదీపములను లెక్కించి చెక్కించిరి గాని, ఆ దీపముల వెలుగున ఎవరేమి కప్పుకొని నిద్రించిరో చెక్కించలేదు. తెలుగు సామెతలో మాత్రము బొంతకు చోటు దక్కినది. గంతకు తగ్గ బొంత యని. గంత యనగా పశువు వీపున బరువుకై వేయు కట్టు, బొంత దానిక్రింది మెత్త. ఈడుజోడు కుదరిన పెండ్లిని చూచి పెదవి విఱుచుటకు తప్ప ఎవ్వరును ఈ సామెతను వాడరు. అందులో బొంత చేసిన తప్పేమో నాకు బోధపడదు.

బొంత చరిత్రకారునకు లొంగకపోవుటకు మరియొక కారణమున్నది. పాతబడిన బొంతను మనవారు పారవేయరు. కొత్తబొంతకు దానినే లోపలి పొరగా వేయుదురు. శాసనము నేలపై నిలిచియుండును, తాళపత్రము పెట్టెలో నుండును, బొంత మాత్రము బొంత కడుపులో దాగును. అటకమీది మా బొంతను ఎలుక యొకటి ఒక మూల కొఱికియుండనిచో నేనును లోపలికి చూచియుండను. పైపొర మా అమ్మ వంగపండుచాయ నేతకోక. దానిక్రింద నా బడి నిక్కరు కాకీ. దానిక్రింద మరియొక బొంత, అందులో తెల్లపంచె. ఆ పంచెకు అడుగున, ఆకుపచ్చ గోధుమరంగు గళ్ళతో, ఈ దేశపు నేత కాని నేత యొకటి. మేనత్తకు చూపితిని. "అది రంగం లుంగీరా. మీ తాతది" అన్నది.

రంగమనగా రంగూను, ఇంకను చెప్పవలెనన్న బర్మాదేశమంతయు. ఉత్తరాంధ్రమున ఒక తరమువారికి కాశీకంటె రంగము దగ్గర. బారువ, కళింగపట్నము రేవులలో పొగయోడ ఒడ్డుకు రాలేదు. లోతున లంగరు వేసి నిలుచును. మనవారు పడవలలో కూర్చుండి అలల దెబ్బలు తినుచు దాని ప్రక్కకు చేరి, చంకన మూటతో నిచ్చెన ఎక్కుదురు. టికెట్టు డెక్కు టికెట్టు. పైన ఆకాశము, క్రింద బల్లచెక్క, వెంట తెచ్చుకొన్న పక్కయే పక్క. ఆ పక్క బొంత. దానిని చుట్టగా చుట్టి కొబ్బరితాటితో బిగించినచో లోపల చుట్టలు, చింతపండు, ఎండుచేప, కూలీలను కూర్చెడి మేస్త్రీ ఇచ్చిన బయానాలో మిగిలిన రూపాయలు అన్నియు ఇమిడెడివట. బంగాళాఖాతమును దాటి పోయిన మన నూలుబట్టల వర్తకమును గూర్చి పండితులు వ్రాసినారు. నాకు మాత్రము ఆ సముద్రముమీద అమ్మకమునకు కాక పోయిన బట్టయే, ఈ బొంతయే, ఎక్కువ ముచ్చటగా తోచును.

అక్కడ వారు ధాన్యపుమిల్లులలో బస్తాలు మోసిరి, రేవులో సరకు దించిరి, రిక్షాలు లాగిరి. 1931 జనాభా లెక్కలనాటికి రంగూను నగరమున సగముకంటె ఎక్కువమంది భారతీయులే; వారిలో మోతపని చేయువారనగా ముందు తెలుగువారే. గోదావరి ముఖమునందలి కోరంగి రేవు పేరు వారికందఱికిని అంటుకొని, బారువలో ఓడ యెక్కినవాడును అక్కడ దిగునప్పటికి కోరంగీయే యయ్యెడివాడు; అది ఆదరముతో పలుకు మాట కాదు. రంగూనులోని భారతీయ కూలీలను గూర్చి 1933లో ఒక గ్రంథమునే ప్రకటించిన ఇ.జె.ఎల్. ఆండ్రూ మేస్త్రీల పెత్తనమును, కూలీల బసలలోని ఇరుకును వివరించినాడు. అట్టి గదిలో మనిషికి దక్కునది బొంత పరచినంత నేల. వాని యిల్లు వాని బొంతయంత. 1930 మే నెలలో రేవు కూలీలైన మన తెలుగువారు కూలి పెంచుమని సమ్మె కట్టగా, వారి చోట బర్మీయులను పెట్టుకొని, సమ్మె తీరగానే ఆ బర్మీయులను పొమ్మనుటతో 26వ తేదీన మొదలైన కొట్లాటలో నూరుమందికి పైగా చనిపోయిరి. అయినను మరుసటి సీజనుకు బారువలో పడవలు నిండినవి. ఊరిలో మేస్త్రీ బాకీ యుండెను గదా.

1941 డిసెంబరు 23న జపానువారి బాంబులు రంగూనుపై పడినవి. ఓడలు చాలలేదు, ఉన్న ఓడలలో డెక్కు మనుషులకు చోటు ముందుగా దొరకలేదు. లక్షల జనము కాలినడకను పట్టినది. కొందఱు టాంగుప్ కనుమ దాటి అరకాను మీదుగా చిట్టగాంగునకు, కొందఱు టము మీదుగా మణిపురమునకును దిమాపురమునకును నడిచిరి. దారిలో కలరా, మన్నెపు జ్వరము. నీళ్ళు దొరకిన చోట శవములు. మా తాత 1942 వేసవిలో పలాస స్టేషనులో దిగినాడట. పోయినప్పుడు బొంత వెంట పోయినది. వచ్చినప్పుడు మొలకున్న లుంగీ మాత్రమే వచ్చినది. బొంత యేమైనదని మా మామ్మ అడిగినదట. కనుమలో ఒకరికి కప్పి వచ్చితినని చెప్పి, బ్రదికియున్నన్నాళ్ళు మరి ఆ ప్రసంగమెత్తలేదట. ఆ సంవత్సరపు చలికాలమునకు ఆమె కొత్తబొంత కుట్టినది. లుంగీ అందులోనికి పోయినది.

వంగదేశపు కంథకు అదృష్టమున్నది. జసీముద్దీన్ 1929లో దానిపేర కావ్యమే వ్రాసినాడు. స్టెల్లా క్రామ్రిష్ 1939లో దానిని గూర్చి పెద్దవ్యాసము ప్రకటించి, తాను కూర్చుకొన్న కంథలను సముద్రము దాటించి ఫిలడెల్ఫియా మ్యూజియమునకు చేర్చినది. అందులో పద్మములున్నవి, ఏనుగులున్నవి, పల్లకీలున్నవి. మా బొంతలో అవేవియు లేవు; దున్నిన చేని చాళ్ళవలె గీతలు తప్ప. మా జిల్లాలో గౌరవమంతయు పొందూరునకు పోయినది, పోవలసినదే. వాలుగచేప దవడయెముకతో దూది నేకి నూఱవ నంబరు నూలు వడకు చేతులను గాంధీ మెచ్చుటలో ఆశ్చర్యమేమున్నది? కాని ఎంత సన్నని ఖద్దరైనను నలిగి నలిగి చివరకు చేరవలసినది బొంతలోనికే గదా యని ఒక చిన్న సంతోషము నాకున్నది.

ఇంతవరకు కథ ఒక తీరున నడచినది. ఇకమీద నడవదు. స్టీలుసామానువాడు వీధిలోనికి వచ్చి, పాత చీరలకు గిన్నెలిత్తునని కేక పెట్టిన నాటినుండి బొంతకు తిండి తగ్గినది. మా యింట నేటికిని మూడు కోకల విలువగల గంగాళమొకటి ఉన్నది. పిదప పాలిస్టరు వచ్చినది. అది చిరుగదు, నలుగదు, మెత్తబడదు, సూదిక్రింద పాదరసమువలె జారును. షోలాపూరు దుప్పటి వచ్చినది. గల్ఫు పోయిన కుఱ్ఱవాండ్రు పులిబొమ్మల కంబళులు తెచ్చిరి. రంగము స్థానమున దుబాయి చేరినది గాని, పోవువానికి ఈసారి ఎవ్వరును బొంత చుట్టి యియ్యలేదు. 2018 అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుపాను మా తోటల సీమయైన ఉద్దానముమీద పడి తోటలకు తోటలను నేల వ్రాల్చిన మరునాడు, పడిన కొబ్బరిమ్రానుల మీద ఊరిలోని బొంతలన్నియు ఒక్కమారే ఆరవేయబడినవి. ఇంకను ఇన్ని బొంతలున్నవని నేనెఱుగను. నీరు పీల్చిన బొంతను ఇద్దరు పట్టిననే గాని ఎత్తలేరు. వారమునకు గాని ఆరదు. సహాయముగా వచ్చిన కంబళ్ళు ఒక రాత్రిలో ఆరినవి. ఆ న్యాయము ఒప్పుకొనక తప్పదు.

ఇప్పుడు మేనత్త మరల కుట్టుచున్నది. ఉద్దానపు మూత్రపిండముల జబ్బును గూర్చి పాఠకులెఱుగుదురు; పలాసలో 200 పడకల ఆసుపత్రియు, హిరమండలము నుండి గొట్టములలో మంచినీరును వచ్చిన తరువాతను ఆ జబ్బు ఊళ్ళను విడువలేదు. వారమునకు రెండు మూడు మారులు డయాలిసిసునకు పోవు వారిలో ఆమె మరిది యొకడు. నాలుగు గంటలసేపు ఒంటిలోని రక్తము యంత్రములోనికి పోయి వచ్చుచుండగా లోపలినుండి వణుకు పుట్టునట. బరువైన కంబళి కప్పినచో ఊపిరాడదట. అతనికై ఆమె కుట్టునది పలుచని బొంత, మూడే పొరలు, ఒక ప్రక్క కురుచ. కొలత తప్పినదనుకొని అడిగితిని. "తప్పునేదు. సూది గుచ్చిన చెయ్యి బయటుండాల గదా" అన్నది. అది ముగియగానే అతని ప్రక్కమంచము వానికి మరియొకటి కావలెనట. నూలుగుడ్డ చాలుట లేదు.

నేను తొడుగుకొన్న చొక్కా అంచును ఆ నల్లని వ్రేళ్ళతో పట్టి, వెలుతురుకు త్రిప్పి, నలిపి చూచినది.

"ఇదింకా రెండేళ్ళు నలగాల" అని, విడిచిపెట్టినది.