అవ్వ పాట చెడలేదని ఎట్లా తెలిసేది?



మా అత్తిముగంలో అవ్వ రాగులు ఇసురుతూ పాడిన పాటలను పన్నెండేళ్ల కిందట రికార్డు చేసి, ఫ్లాక్ ఫైళ్లుగా దాచిపెట్టినాను. ఇప్పుడు అవ్వ లేదు. మొన్న ఉగాదికి ఇంట్లోవాళ్లకు వినిపిద్దామని హార్డ్‌డిస్కు తీస్తే, ఒక పాట మధ్యలో తెగి, కాసేపు ఆగి, మళ్లీ మొదలైంది. అవ్వే ఆపిందా, ఫైలు చెడిందా? చెవికి తేలలేదు. ఫ్లాక్ పరీక్ష పెడితే నిమిషంలో తేలింది. ఫైలే చెడింది.

ఈ తెలివి కంప్యూటర్లతో మొదలైంది కాదు. తాటాకు మీద పద్యం ఎక్కించేవాడు ఒక అక్షరం వదిలేస్తే గణం కుంటుతుంది, లేదా యతి తప్పుతుంది. చదివేవాడు అక్కడే ఆగుతాడు. తప్పుందని తెలుస్తుంది గానీ, పోయిన అక్షరం ఏదో ఆ లెక్క చెప్పదు. అదే కొలతకు సరిపోయే వేరే మాట పడిందా, ఎవరికీ తెలియనే తెలియదు. ఇసుర్రాయి పాటకు ఆ మాత్రం కట్టుబాటు కూడా లేదు, నోటినోటికీ మారుతుంది. అందుకే రికార్డు మీద అంత ఆశ.

యంత్రాల్లో ఈ పని 1950లో గట్టిపడింది. బెల్ ల్యాబ్స్‌లో రిచర్డ్ హామింగ్ తప్పును పట్టడమే కాదు, దిద్దే పద్ధతి కూడా ప్రచురించినాడు. 1961లో పీటర్సన్, బ్రౌన్‌ల వ్యాసంతో సీఆర్‌సీ వచ్చింది. మన ఆధార్ నంబరులో చివరి అంకె కూడా ఇట్లాంటి కాపలాదే, 1969 నాటి వెర్‌హోఫ్ లెక్క. 1991లో రాన్ రివెస్ట్ ఎండీ5 తయారుచేసినాడు.

2001లో జాష్ కోల్సన్ ఫ్లాక్ 1.0 విడుదల చేసినప్పుడు రెండు కాపలాలు పెట్టినాడు. శబ్దాన్ని చిన్న ఫ్రేములుగా కోసి ఒక్కోదానికి సీఆర్‌సీ, మొత్తం శబ్దానికి 128 బిట్ల ఎండీ5. 2004లో ఎండీ5ను కావాలని మోసం చేయొచ్చని చైనా పరిశోధకులు చూపించినారు. అయితే పాతబడిన డిస్కుకు మోసం చేసే బుద్ధి ఉండదు కదా, మన పనికి అది చాలు.

ఒక్క మెలిక ఉంది. ఎండీ5 మనమిచ్చిన శబ్దానికే లెక్క కడుతుంది. నాసి ఎంపీ3ని ఫ్లాక్‌గా మార్చినా పరీక్షలో బాగుందనే వస్తుంది. వేవ్ ఫైల్లోనైతే ఇట్లాంటి లెక్కే ఉండదు.

నా ఫైల్లో ముప్పై ఫ్రేముల దాకా పోయినాయి. ఒక్కోటి సెకనులో పదో వంతు కూడా లేదు, అన్నీ కలిపి మూడు సెకన్లలోపే. వాటిని ఏ లెక్కా తిరిగి తేలేదు. అదృష్టం కొద్దీ కృష్ణగిరిలో మా చెల్లెలి దగ్గర పెన్‌డ్రైవ్‌లో ఇంకో నకలు ఉంది. పరీక్ష పెడితే ఎండీ5 సరిపోయింది. వెంటనే విన్నాము.

ఆ మూడు సెకన్లలో పాట లేదు. అవ్వ రాయి ఆపి, మా చెల్లెలితో అంటోంది: “ఇంకో పిడికెడు పొయ్యిమే.”