పేదల కంచం, పరిశోధకుడి కొలబద్ద: డాక్టర్ సి. గోపాలన్

బెరిబెరి వ్యాధిని పరిశీలించడానికి రాబర్ట్ మెక్‌కారిసన్ 1918లో కూనూరులో ప్రారంభించిన చిన్న విభాగం క్రమంగా పోషకాహార పరిశోధనశాలగా ఎదిగి, 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, 1969లో జాతీయ పోషకాహార సంస్థ అయింది. దానికి సంచాలకుడిగా పనిచేసి, 1974లో భారత వైద్య పరిశోధన మండలి పగ్గాలు చేపట్టిన డాక్టర్ సి. గోపాలన్ కృషిని, ఆహారం గురించిన శాస్త్రాన్ని ఆ ఆహారం అందనివారి పక్షాన నిలిపిన చరిత్రగా చదవాలి.

దక్కను పీఠభూమిలో జొన్నరొట్టె, జొన్న గటకలే ముఖ్యాహారంగా బతికే వ్యవసాయ కూలీలకు పెల్లాగ్రా సోకేది. నియాసిన్ అనే బి విటమిను కొరవడినప్పుడు వచ్చే ఈ వ్యాధిలో, ఎండ తగిలే మెడ, చేతులు, పాదాల మీది చర్మం నల్లబడి పొలుసులు లేస్తుంది, విరేచనాలు పట్టుకుంటాయి, ముదిరితే మతి చలిస్తుంది. ఇతర దేశాలలో ఇది మొక్కజొన్న తినేవారి వ్యాధి. శరీరం నియాసిన్‌గా మార్చుకోగల ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం ఆ గింజలో తక్కువగా ఉండటం అందుకు ఒక కారణం. జొన్నలో ఆ కొరత అంతగా లేకపోయినా వ్యాధి ఎందుకు వస్తున్నదన్న చిక్కుముడికి, జొన్నలో అధికంగా ఉండే లూసిన్ అనే మరో అమైనో ఆమ్లమే ఆ మార్పిడికి అడ్డుపడుతున్నదని గోపాలన్ బృందం 1960లో సమాధానం ప్రతిపాదించింది. దీనిపై తర్వాత భిన్నాభిప్రాయాలు వెలువడినా, కూలీల గింజను అంత లోతుగా పరిశీలించదగిన విషయంగా నిలబెట్టిన ఘనత ఈ పరిశోధనదే.

పేద దేశాల పిల్లలకు ముఖ్యంగా కొరవడింది ప్రోటీనేనని, దాన్ని ప్రత్యేకంగా తయారుచేసి పంచాలని 1960లలో అంతర్జాతీయ సంస్థలు గట్టిగా నమ్మాయి. అయితే, పోషకాహార లోపంతో ఒళ్లు ఉబ్బే క్వాషియోర్కర్, ఒళ్లు శుష్కించే మరాస్మస్ రెండూ ఒకే రకమైన తిండి తినే పిల్లలలోనే కనిపిస్తున్నాయని గోపాలన్ అప్పటికే గమనించారు. బడి ఈడు రాని పల్లె పిల్లలకు రోజుకు సుమారు 310 కిలోక్యాలరీల శక్తిని, కేవలం 3 గ్రాముల ప్రోటీన్‌ను అదనంగా ఇచ్చి చూసినప్పుడు వారి ఎత్తు, బరువు మెరుగుపడ్డాయని ఆయన బృందం 1973లో ప్రకటించింది. ఇంట్లో వండుకునే తిండే కడుపునిండా దొరికితే ప్రోటీన్ లోటు చాలావరకు తీరుతుందన్నది దాని తాత్పర్యం. పొడులూ డబ్బాలూ కాక కూలి రేట్లు, గింజల ధరలు చర్చకు రావలసిన చోటు ఇదే.

రేచీకటి నివారణకు ఆరు నెలలకొకసారి విటమిన్ ఎ మోతాదు ఇచ్చే జాతీయ పథకానికి 1970లో ఆయన సంస్థ పరిశోధనే ఆధారమైంది. అయినా ఆకుకూరలకు ఆ మోతాదు శాశ్వత ప్రత్యామ్నాయం కారాదని ఆయన తర్వాతి కాలంలో వాదించారు.

1980లలో ఆర్థికవేత్త డేవిడ్ సెక్లర్, ఓ మోస్తరుగా ఎదుగుదల తగ్గిన పిల్లలు పొట్టివారే గాని ఆరోగ్యవంతులేనని ప్రతిపాదించినప్పుడు గోపాలన్ తీవ్రంగా ప్రతిఘటించారు. లేమి వల్ల కుంగిన దేహాన్ని సహజమని ఒప్పుకుంటే పేదలకు వేరే కొలబద్ద నిర్ణయించినట్లేనని ఆయన అభ్యంతరం. ఈ వాదనకు బలం చేకూర్చేలా, భారతదేశంతో సహా ఆరు దేశాలలో మంచి వసతుల మధ్య పెరిగిన పసిపిల్లలను కొలిచి, వారి ఎదుగుదల ఎక్కడైనా దాదాపు ఒకే తీరుగా ఉంటుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ప్రమాణాలు వెలువరించింది. అంగన్‌వాడీలలోని ఎదుగుదల పట్టికలు తర్వాత ఆ ప్రమాణాలనే అనుసరించాయి.