ఉక్కు దూలాల మీద మొహాక్‌లు: ఆదివాసుల వృత్తి విద్య గురించి ఒక చారిత్రక పరిశీలన

మిషను చరిత్రలో ఆదివాసుల వృత్తి విద్య అనగానే మనకు మొదట గుర్తుకు వచ్చేది పారిశ్రామిక పాఠశాల. వడ్రంగము, కమ్మరము, తాపీపని, కుట్టుపని నేర్పిన మిషనరీల పేర్లు, పాఠశాల భవనాల ఛాయాచిత్రాలు, వార్షిక నివేదికలు మన గ్రంథాలయాలలో కనబడతాయి. అయితే ఉత్తర అమెరికా నిర్మాణ రంగములో ఎంతో పేరు పొందిన ఒక ఆదివాసీ సమాజము ఆ పనిని ఏ మిషను పాఠశాలలోనూ నేర్చుకోలేదు. వారు కెనడాలోని మాంట్రియల్ నగరానికి సమీపమున, సెయింట్ లారెన్స్ నది దక్షిణపు ఒడ్డున గల కానవాకే గ్రామపు మొహాక్ ప్రజలు. న్యూయార్కు నగరపు అనేక ఎత్తైన కట్టడాలకు ఉక్కు చట్రాలు నిలబెట్టినవారిలో వీరున్నారు. ఈ వృత్తి వీరికి ఎలా దక్కింది? అదే కాలములో సంఘాలు నడిపిన పాఠశాలలు అటువంటి ఫలితమును ఎందుకు ఇవ్వలేకపోయాయి? ఈ రెండు ప్రశ్నలను మేము కలిపి పరిశీలించదలచాము.

కానవాకే స్వయముగా ఒక మిషను గ్రామమే. 1667లో జెస్యూట్ మిషనరీలు స్థాపించిన ఆ నివాసము పలుమార్లు స్థలము మారి 1716లో ఇప్పటి చోట స్థిరపడింది. 2012లో రోమన్ కథోలిక సంఘము పునీతురాలిగా ప్రకటించిన కతేరి తెకాక్విత తన చివరి సంవత్సరాలు గడిపింది ఆ సమాజములోనే. అక్కడి పురుషులు బొచ్చు వ్యాపారపు పడవలు నడిపారు. లాషీన్ వద్ద ఉరకలెత్తే నదిలో దుంగల తెప్పలను దాటించారు. 1884లో సూడానులో చిక్కుకున్న జనరల్ గోర్డాన్‌ను విడిపించడానికి బ్రిటీషువారు నైలు నది మీదుగా సైన్యమును పంపినప్పుడు, పడవలు నడపడానికి కెనడా నుండి తీసుకువెళ్లినవారిలో కానవాకే మనుషులున్నారు. వారిలో ఒకరైన లూయీ జాక్సన్ ఆ ప్రయాణము గురించి 1885లో ఒక చిన్న పుస్తకము ప్రచురించారు. ముఠాగా కలిసి దూరదేశము వెళ్లి, కూలి తీసుకుని తమ ఊరికి తిరిగి రావడము వారికి కొత్త కాదు. ఉక్కు పనిని గురించి వ్రాసే చాలామంది ఈ సంగతిని దాటి వెళ్లిపోతారు.

1886లో కెనడియన్ పసిఫిక్ రైల్వే కొరకు డొమినియన్ బ్రిడ్జి కంపెనీ ఆ నది మీద వంతెన కట్టసాగింది. వంతెన ఒక కొనను మొహాక్‌ల రిజర్వు భూమిలో నిలపవలసి వచ్చింది. భూమి వాడుకున్నందుకు గాను వీలైనంత వరకు ఆ ఊరివారికే పని ఇస్తామని ఒప్పుకున్నారు. ఇది గమనింపదగిన విషయము. పని వారికి దానముగా రాలేదు, తమ నేలను ఆధారము చేసుకుని వారు దానిని సంపాదించుకున్నారు. అయినా మొదట ఇచ్చినది సామాను మోసే కూలిపని మాత్రమే. వారు అక్కడితో ఆగక దూలాల మీదికి ఎక్కి పైన జరిగే పనిని చూడసాగారు. చివరకు కొందరికి రివెట్ల పని నేర్పించారు.

ఆ పని విధానమును కొంచెము వివరించాలి, ఎందుకంటే అసలు కీలకము దానిలోనే ఉన్నది. రివెట్ల ముఠాలో నలుగురు ఉంటారు. ఒకడు చిన్న కొలిమి దగ్గర రివెట్టును ఎర్రగా కాల్చి పట్టకారుతో విసురుతాడు. రెండవవాడు దానిని డబ్బాలో పట్టి, దూలాల కన్నములో దూర్చుతాడు. మూడవవాడు ఒక వైపున బలముగా ఆనించి పట్టుకుంటాడు. నాలుగవవాడు ఎదుటి వైపు నుండి గాలి సుత్తితో దాని కొనను అణగగొడతాడు. వీరిలో ఒక్కడు తప్పు చేసినా మిగిలిన ముగ్గురి ప్రాణానికి ముప్పే. కాబట్టి అన్నదమ్ములు, మేనమామలు, బావమరదులు కలిసి ఒకే ముఠాగా ఉండడానికి ఇష్టపడేవారు. తరువాత సూ సెయింట్ మేరీ వద్ద జరిగిన వంతెన పనికి వారు తమ ఊరి కుర్రవారిని వెంట తీసుకువెళ్లి నేర్పారు. నేర్చినవారు తగినంతమంది కాగానే మరొక ముఠా ఏర్పడేది. పల్లె సంఘాలలో పరిచర్య చేసిన మేము మన తాపీ మేస్త్రుల దగ్గర చూసినదీ ఇంచుమించు ఇదే. ఇటుకలు అందించే కుర్రవాడు ఏదో ఒకనాడు తాపీ పట్టుకుంటాడు, ఆనాటి నుండి అతని కూలి మారుతుంది. నేర్చుకోవడము, సంపాదించుకోవడము వేర్వేరు కాలాలలో జరగవు.

ఆ ఊరు పెద్ద మూల్యమునే చెల్లించింది. 1907 ఆగస్టు 29న సాయంకాలము పని ముగిసే వేళ, కడుతూ ఉన్న క్విబెక్ వంతెన కూలి 75 మంది చనిపోయారు. వారిలో 33 మంది కానవాకే మనుషులు. అడుగు భాగపు ఉక్కు కడ్డీలు వంగుతున్నాయని పనివారు, అక్కడి ఇంజనీర్లు ముందే గమనించారు. న్యూయార్కులో ఉన్న సలహా ఇంజనీరు థియోడార్ కూపర్, ఇక వంతెన మీద బరువు పెంచవద్దని తంతి ఇచ్చాడు. అది పెన్సిల్వేనియాలోని కంపెనీ కార్యాలయానికి వెళ్లింది గాని వంతెన మీద పని ఆగలేదు. అసలు బరువును తక్కువగా అంచనా వేశారని తరువాత విచారణ సంఘము తేల్చింది. ఒక్క గ్రామములో ఒక్క సాయంకాలముతో ఎన్నో ఇళ్లు దుఃఖములో మునిగిపోయాయి. ఆ సమాధుల మీద ఉక్కు దూలాలతో చేసిన సిలువలు నిలిపారు. ఇకమీదట మగవారందరూ ఒకే కట్టడము మీద పని చేయకూడదని ఆ ఊరి స్త్రీలు పట్టుబట్టారని అక్కడివారు చెప్పుకుంటారు. ఆ తరువాత ముఠాలు వేర్వేరు నగరాలకు విడిపోయి వెళ్లాయి.

నగరాలకు వెళ్లాలంటే సరిహద్దు దాటాలి. 1926లో ఫిలడెల్ఫియాలో పాల్ డయాబో అనే కానవాకే ఉక్కు పనివానిని అక్రమముగా దేశములో ప్రవేశించినవాడని నిర్బంధించారు. బ్రిటను, అమెరికాల మధ్య 1794లో జరిగిన జే ఒడంబడిక ఆదివాసులకు ఆ సరిహద్దును దాటే హక్కు ఇచ్చిందని అతడు వాదించాడు. 1927లో న్యాయస్థానము అతని పక్షమున తీర్పు చెప్పింది. 1928లో పై న్యాయస్థానము దానిని స్థిరపరిచింది. మా దృష్టిలో ఈ తీర్పు రివెట్టు సుత్తి కంటె తక్కువ పనిముట్టు కాదు. ఎంపైర్ స్టేట్ భవనము, రాక్‌ఫెల్లర్ సెంటరు వంటి కట్టడాల కాలానికి మొహాక్‌లు కార్మిక సంఘపు సభ్యత్వము కలిగి, తెల్లవారితో సమానమైన కూలి తీసుకుంటున్నారు.

బ్రూక్లిన్‌లోని గోవానస్ ప్రాంతములో వందలాదిమంది మొహాక్‌లు కాపురమున్నారు. అక్కడి కైలర్ ప్రెస్బిటేరియన్ సంఘపు పాదిరి డేవిడ్ మన్రో కోరీ గారు వారి భాష నేర్చుకుని, ఆ భాషలో ఆరాధనలు నడిపారు. ఆయన వారికి ఏ పనీ నేర్పలేదు. పని ఉన్నచోటికి వచ్చినవారికి కాపరిగా ఉన్నారు, అంతే. ఆయన పరిచర్యకు మిషను చరిత్రలలో ఇంతకంటె ఎక్కువ స్థలము ఇవ్వవచ్చును.

మొహాక్‌లకు ఎత్తు అంటే భయము పుట్టుకతోనే లేదని ఒక కథ ప్రచారములో ఉన్నది. దీనిని మేము అంగీకరించము. భయము తమకూ ఉన్నదని, దానిని అదుపులో ఉంచుకోవడము పెద్దల వద్ద నేర్చుకున్నామని ఆ పనివారే చెప్పారు. పుట్టుకతో వచ్చిన గుణమని పొగడితే నేర్పినవారి శ్రమ మరుగున పడిపోతుంది. నిర్గమకాండము 35వ అధ్యాయములో బెసలేలు, అహోలీయాబులకు పని చేసే ప్రజ్ఞతో పాటు ఇతరులకు నేర్పే బుద్ధి కూడా ఇవ్వబడినట్లు వ్రాయబడి ఉన్నది.

ఇప్పుడు రెండవ ప్రశ్నకు వద్దాము. 1879లో అమెరికాలో కార్లైల్ పారిశ్రామిక పాఠశాల ప్రారంభమైంది. కెనడా ప్రభుత్వము 1883లో పడమటి మైదానాలలో అటువంటి పాఠశాలలకు అనుమతి ఇచ్చి, వాటిని సంఘాలకు అప్పగించింది. సగము పూట చదువు, సగము పూట పని అనే పద్ధతి నడిచింది. ఆ పని చాలాచోట్ల పాఠశాలను నిలబెట్టడానికి పిల్లలు చేసిన కూలిలేని చాకిరీగా మారింది. పిల్లలను తల్లిదండ్రుల నుండి వేరుచేసి, మాతృభాష మాట్లాడితే శిక్షించారు. 1885 తరువాత ఆ మైదానాలలో చట్టము లేకుండానే అనుమతి చీటీల పద్ధతి పెట్టారు. ప్రభుత్వ ఏజెంటు వ్రాసి ఇచ్చిన చీటీ లేనిదే రిజర్వు దాటకూడదు. వడ్రంగము నేర్చిన యువకుడు పని దొరికే పట్టణానికి ఏజెంటు దయ లేకుండా ఎలా వెళ్తాడు? 1,50,000 మందికి పైగా పిల్లలు చదివిన ఆ వసతి పాఠశాలల వ్యవస్థను గురించి సత్య, సమాధాన సంఘము 2015లో నివేదిక ఇచ్చింది. ఉద్యోగాలలోను, శిక్షణలోను ఆదివాసులకు న్యాయమైన అవకాశము ఉండాలని వ్యాపార సంస్థలను కోరేది దానిలోని 92వ పిలుపు. ఆంగ్లికన్ సంఘము 1993లో, ప్రెస్బిటేరియన్ సంఘము 1994లో క్షమాపణ చెప్పాయి.

మన తెలుగుదేశానికి ఇది పరాయి కథ కాదు. క్లౌ దొరగారు 1876-78 కరవులో బకింగ్‌హాము కాలువ పనిని గుత్తకు తీసుకుని మాదిగలకు పని కల్పించిన సంగతి మన సంఘాలలో అందరికీ తెలుసు. అది ప్రాణాలు నిలిపిన పని గాని, వృత్తి నేర్పడానికి ఉద్దేశించినది కాదు. ఆదివాసుల విషయములో మనము చూడవలసినది వేరొకటి. నేరస్థ జాతుల చట్టము క్రింద ఎరుకలవారిని ఉంచిన నివాసాలలో స్టువర్టుపురమును రక్షణ సైన్యము, కావలిని అమెరికను బాప్టిస్టు మిషను నడిపాయి. కావలిలో శామ్యూల్ బాడెన్ గారి సేవను మిషను గ్రంథాలు మెచ్చుకున్నాయి. కాని ఆ చట్టము క్రింద హాజరు ఉన్నది, ఊరు దాటడానికి అనుమతి చీటీ ఉన్నది. మిషనరీ ఎంత దయగలవాడైనా ఆ చీటీ అతని కార్యాలయము నుండే రావాలి. చట్టము 1952లో రద్దయింది. ఈ నివాసాలను పరిశోధించే మన సెమినరీ విద్యార్థి ఎంతమందికి పని నేర్పారన్న లెక్కతో ఆగక, వారిలో ఎందరికి చీటీ దొరికింది, ఎక్కడికి వెళ్లారు, ఎంత కూలి తీసుకున్నారు అనే వివరాలను నివేదికలలోను, ఆ కుటుంబాల నోటి మాటలలోను వెదకాలి.