పంది కట్టుకునే గూడు

ఈనబోయే పంది ఒక చోట నిలవదు. ఒక రోజు ముందునుంచే మందకు ఎడంగా జరుగుతుంది. ముట్టెతో నేల పెళ్లగించి గుంట చేస్తుంది, ముందుకాళ్లతో గీరుతుంది, నోటినిండా గడ్డి కరుచుకొచ్చి పరుస్తుంది. కృష్ణా జిల్లాలో పశువైద్యుడిగా పనిచేసిన కాలంలో ఎరుకల కుటుంబాల నాటు పందులు తుమ్మపొదల చాటున ఇలా గూడు కట్టుకోవడం చూశాను. షెడ్డులోని సీమపందికి గడ్డి దొరకదు. అది గచ్చునే గీరుతుంది, ఇనుప కడ్డీలు కొరుకుతుంది.

ఆ కడ్డీలకు ఒక చరిత్ర ఉంది. 1960లలో ఐరోపా, అమెరికా ఫారాల్లో ఈనే పందిని ఇనుప బోనులో పెట్టడం బాగా వ్యాపించింది. దాదాపు రెండు మీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు. పడుకోవచ్చు, లేవవచ్చు, వెనక్కి తిరగడం మాత్రం కుదరదు. కారణం లేకపోలేదు: రెండు వందల కిలోలకు పైబడిన తల్లి కింద కిలోంబావు పిల్ల పడితే బతకదు. పిల్లను కాపాడాలన్న ఆ తపన న్యాయమైనదే. అయితే దానికి మూల్యం తల్లి చెల్లించింది.

ఫారంలో పుట్టి పెరిగిన పందికి గూడు కట్టే తెలివి పోయిందనుకునేవాళ్లకు ఎడిన్‌బరోలో జవాబు దొరికింది. పరిశోధకులు అలెక్స్ స్టోల్బా, డేవిడ్ వుడ్-గష్ లార్జ్ వైట్ జాతి పందుల్ని చెట్లూ పొదలూ ఉన్న ఆవరణలో వదిలి గమనించారు. ఈనే వేళకు అవి దూరంగా వెళ్లి, అడవిపందిలాగే కొమ్మలూ గడ్డీ పోగుచేసి గూడు కట్టాయి. మన గన్నవరం పందుల కేంద్రానికి తెచ్చిందీ ఆ జాతినే.

స్వీడన్‌లో ఫారం పశువుల కష్టాన్ని ప్రజల ముందుకు తెచ్చిన వారిలో పిల్లల కథల రచయిత్రి ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్ ఒకరు. పశువైద్యురాలు క్రిస్టినా ఫోర్స్‌లుండ్‌తో కలిసి పత్రికల్లో పోరాడారు. 1988లో కొత్త జంతు సంక్షేమ చట్టం వచ్చింది. స్విట్జర్లాండ్ 1997లో బోన్లను నిషేధించి, మార్చుకోవడానికి రైతులకు పదేళ్లు గడువిచ్చింది. తర్వాత అక్కడి ఫారాల లెక్కలు చూస్తే, బోను లేని విడి గదుల్లో తల్లి కింద నలిగినవి ఎక్కువే, ఇతర కారణాలతో చచ్చినవి తక్కువ. మొత్తం మీద పిల్లల నష్టం బోన్లలో ఎంతో విడి గదుల్లోనూ అంతే.

మరి గూడుతో పిల్లలకేం మేలు? గూడు పని తీరితే తల్లి స్థిమితపడుతుంది. ఈనుతున్నంతసేపూ కదలకుండా పక్కకు వాలి ఉంటుంది. పుట్టిన పిల్ల ఒంట్లో రోగాన్ని ఎదిరించే శక్తి ఉండదు. అది ముర్రుపాలతోనే రావాలి, అదీ మొదటి రోజులోపే. తల్లి పదేపదే లేచి పడుకుంటే ఆ పాలు ఆలస్యమవుతాయి, పిల్లలు నలుగుతాయి. తొలిచూలు పంది బెదిరి తన పిల్లల్నే కరిచిన సందర్భాలూ చూశాను. పాలు చేపే ముందు తల్లి గురగుర జోరందుకుంటుంది. పిల్లలన్నీ దేని చన్ను అది పట్టుకుంటాయి. పాలు దిగేది ఇరవై సెకన్లే. ఆ క్షణంలో తల్లి నెమ్మదిగా పడుకుని ఉండాలి.

చూడి 114 రోజులు, కాబట్టి ఈనే తేదీ రైతుకు ముందే తెలుస్తుంది. రెండు రోజుల ముందు చేతులనిండా వరిగడ్డి, తిరగడానికి చోటు, పిల్లలు తప్పించుకునేలా గోడవారన ఒక అడ్డకమ్మి ఏర్పాటు చేయండి. వరి పండే జిల్లాల్లో ఇది చేయలేని పని కాదు. తల్లికి దక్కాల్సింది దక్కితేనే పిల్లల రక్షణ మొదలవుతుందని నా నమ్మకం.