సి భాష - రైలు టిక్కెట్టు

1874లో వాడి నుండి వచ్చిన బ్రాడ్‌గేజి రైలు మార్గమును, ఆ శతాబ్దాంతమున మన్మాడు వైపునకు వేయ మొదలిడిన మీటరుగేజి మార్గమును మన సికింద్రాబాదులో కలిసినవి. కలిసినవని పేరే గాని ఆ కాలమున ఒకదాని పెట్టె మరొకదానిపై నడువకుండెను; మూటలను దించి మరల నెక్కింపవలసి వచ్చెడిది.

కంప్యూటరు ప్రోగ్రాములకును ఇట్టి కష్టమే కలిగినది. 1972 ప్రాంతమున అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో డెన్నిస్ రిచీ రూపొందించిన సి భాష యంత్రమునకు మిక్కిలి చేరువ. దాని వేగమునకును చిక్కులకును అదే కారణము. ఆ భాషలో ఇంట్ అను పూర్ణసంఖ్య పీడీపీ-11 యంత్రమున 16 బిట్లు, వాక్స్ యంత్రమున 32 బిట్లు. వాక్స్‌లో లక్ష సుఖముగా ఇముడును. పీడీపీలో 32,767 దాటిన ఇమడదు. 1978లో కెర్నిఘన్, రిచీలు వ్రాసిన గ్రంథమే చాలకాలము ధర్మశాస్త్రముగా చెల్లినది. గ్రంథము మౌనము వహించిన చోట ప్రతి కంపైలరు కర్తయు తన ఇచ్చ వచ్చినట్లు నడచుకొనెను. 1983లో అమెరికా ప్రమాణ సంస్థ ఒక సంఘమును నియమింపగా 1989లో ప్రమాణము వెలువడినది. మరుసటి యేట అది అంతర్జాతీయ ప్రమాణమైనది.

అందు నాకు నచ్చినది దాని నిజాయితీ. ఇంట్ ఇంత యుండవలెనని శాసింపదు, ఇంతకు తగ్గరాదని మాత్రమే చెప్పును. కొన్నిటిని కంపైలరు కర్తకే విడిచి, నీవేమి చేసితివో వ్రాసి తెలుపుమనును. ఇంట్ తన హద్దును దాటిపోవుట వంటి వాటికి ఏ హామీయు నీయదు. ‘నా యంత్రముపై నడచినది గదా’ యను వాదమునకు అచ్చట చోటు లేదు.

ఇక మన యూరి సంగతి. 1985-86లో ఢిల్లీలో ఆరంభమైన ఇంప్రెస్ అను రిజర్వేషను ప్రోగ్రాము ఫోర్ట్రాను భాషలోనిది. తరువాత ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసు, సికింద్రాబాదు అను అయిదు కేంద్రములు వెలసినవి గాని, ఎవరి లెక్క వారిదే. ఇచ్చటి యంత్రము ఢిల్లీ లెక్కలోని తిరుగు ప్రయాణపు బెర్తును తానై యీయలేకుండెను. రైల్వేల సమాచార కేంద్రమైన క్రిస్ వారు కన్సర్ట్ అను క్రొత్త ప్రోగ్రామును ముఖ్యముగా సి భాషలో వ్రాసిరి. ఫోర్ట్రాను భాగములును అందు కొన్ని కలవు. 1994 సెప్టెంబరులో దానిని మొట్టమొదట నెలకొల్పినది సికింద్రాబాదులోనే. 1999 ఏప్రిలు నాటికి అయిదు కేంద్రములును ముడివడినవి.

ఈ ఘనత యంతయు భాషదే యనుట అతిశయోక్తి. తంతులును, సందేశములను చేరవేయు ప్రోగ్రాములును లేక అది పొసగదు. అయినను వ్రాయువాని జాగ్రత్త తక్కువది కాదు. ఆ కాలపు ఆల్ఫా యంత్రమునే చూడుడు: ఓపెన్ వీఎంఎస్ క్రింద లాంగ్ అను సంఖ్య 32 బిట్లు, అదే యంత్రముపై యూనిక్స్ క్రింద 64. కంపైలరు అంశముల నడుమ విడుచు ఖాళీలును అన్నిచోట్ల ఒకటి కావు. కావున జ్ఞాపకములోని దానిని ఉన్నదున్నట్లు తంతిపై పంపరాదు. తేదీని, బండి సంఖ్యను, బెర్తు సంఖ్యను ఒక్కొక్కటిగా, నిర్ణీతమైన వరుసలో, నిర్ణీతమైన వెడల్పున వ్రాసి పంపవలెను. అట్లు చేయనినాడు దోషము టిక్కెట్టు కిటికీ వద్ద కానరాదు. బండి కదలు వేళ ఒకే బెర్తు కడ ఇద్దరు నిలిచి టిక్కెట్లు చూపుకొందురు.