పాత డీజిల్ ఇంజిన్ల నిర్వహణ, మరమ్మతు (నెల్లూరు తీరం)

నెల్లూరు తీరంలో చేపల పడవల మీద, రొయ్యల చెరువుల గట్ల మీద ఏళ్ల తరబడి పనిచేస్తున్న డీజిల్ ఇంజిన్లను కండిషన్‌లో ఉంచుకునే తీరు, పాడైతే బాగుచేసే తీరు ఈ వ్యాసంలోని విషయం. రామాయపట్నం, తుమ్మలపెంట, జువ్వలదిన్నె, ఇసకపల్లి, ఊటుకూరు, మైపాడు, కోడూరు, కృష్ణపట్నం వంటి ఊళ్లలో వేట ఈ ఇంజిన్ల మీదే నడుస్తోంది. ఎంత ఎక్కువ తిరిగితే ఇంజిన్ అంత త్వరగా అరుగుతుందని అందరూ అనుకుంటారు. అది నిజమే. అయినా ఈ తీరంలో తిరిగి అరిగినవాటి కన్నా ఊరికే నిలబడి ఉప్పు పట్టి పాత ఇనుము కాటాకు పోయినవే ఎక్కువ అని చెప్పుకోవచ్చు. ట్యాంకులో నీళ్లు చేరడం, రింగులు పట్టేయడం, రబ్బరు సీళ్లు ఎండిపోవడం నిలబడిన ఇంజిన్‌కు వచ్చే జబ్బులు. ఇక్కడ వాటికి సముద్రపు గాలి తోడైంది.

ఇంజిన్ల రకాలు

రుడాల్ఫ్ డీజిల్‌కు 1893లో పేటెంటు దక్కిన సూత్రమే నేటికీ నడుస్తోంది. గాలిని పదహారు నుంచి ఇరవై రెండు రెట్ల దాకా నొక్కితే అది డీజిల్‌ను అంటించేంత వేడెక్కుతుంది, ప్లగ్గుతో పనిలేదు. కాబట్టి పాత డీజిల్ ఇంజిన్ నడవాలంటే కావలసినవి రెండే: గాలి గట్టిగా నొక్కుకోవాలి, డీజిల్ సన్నని తుంపరగా పడాలి. దాదాపు అన్ని రోగాలూ ఈ రెంటిలో ఏదో ఒకదానికి చెందినవే.

ఇక్కడివారు మొదట చూసిన డీజిల్ ఇంజిన్లు పొలాల్లోవి. ఇంగ్లండులోని డర్స్‌లీలో లిస్టర్ కంపెనీ 1929లో తెచ్చిన సీఎస్ ఇంజిన్ నిమిషానికి 600 చుట్లే తిరిగేది. దాని నమూనాతో రాజ్‌కోట్‌లో తయారైన ఇంజిన్లు దేశమంతా వ్యాపించాయి. 1946లో ఏర్పడిన కిర్లోస్కర్ ఆయిల్ ఇంజిన్స్ చేసిన ఏవీ1 నమూనా 1500 చుట్ల మీద 5 హార్స్ పవర్ ఇస్తుంది, నీళ్లతో చల్లబడుతుంది. నీళ్లు తోడే పని నుంచి ఇలాంటి ఇంజిన్లే రొయ్యల చెరువుల మీదికి వచ్చాయి.

సముద్రం మీదికి చిన్న డీజిల్ ఇంజిన్ రావడం వేరే కథ. రేవు లేని ఒడ్డు మీద పడవను ఇసుకలోకి లాగాలి, అప్పుడు కింద ఉన్న ఫ్యాను (ప్రొపెల్లర్) విరుగుతుంది. 1979లో మద్రాసు కేంద్రంగా మొదలైన ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థవారి బంగాళాఖాత కార్యక్రమం దీనికి ఒక ఉపాయం చూపింది. గాలితో చల్లబడే చిన్న డీజిల్ ఇంజిన్‌నూ షాఫ్టునూ కలిపి పైకెత్తుకునే అమరికతో ఒడ్డుకు చేరే పడవలను రూపొందించింది. తరవాతి కాలంలో కట్టుమరం తెప్పల స్థానంలోకి ఫైబర్ తెప్పలు వచ్చి, వాటి మీద గ్రీవ్స్ లొంబార్డినీ వంటి ఒంటి సిలిండర్ ఇంజిన్లు మామూలయ్యాయి. పెద్ద మరపడవల్లో అశోక్ లేలాండ్ ఏఎల్ఎం రకానివి ఉంటాయి. కామెట్ లారీల్లో తిరిగిన ఇంజిన్‌నే పడవకు అనువుగా మార్చిన రూపం ఇది. పిస్టన్లు, రింగులు, బేరింగులు లారీవే కనుక నెల్లూరు ఆటోనగర్‌లో లారీ పని చేసే మేస్త్రీ దీన్నీ విప్పగలడు. ఆయన చేయి ఆగేది ఉప్పునీటి పంపు, ఆయిల్ కూలర్, గేర్ బాక్స్ దగ్గర.

చల్లబరిచే నీరు

సముద్రపు నీటిలో సగటున వందకు మూడున్నర పాళ్లు ఉప్పు. దాన్ని నేరుగా ఇంజిన్ బ్లాకులోకి తోడి చల్లబరిచే పద్ధతి చవక. కానీ నీరు సుమారు 55 డిగ్రీలు దాటితే లోపల గార కట్టడం మొదలవుతుంది. అందుకని ఇంజిన్‌ను చల్లగా నడపాలి. చల్లగా నడిస్తే డీజిల్ పూర్తిగా మండదు, మసి పేరుతుంది, ఆయిల్ త్వరగా చెడుతుంది. ఏదో ఒకటి నష్టపోక తప్పదు. బ్లాకులో మంచినీళ్లే తిరుగుతూ, వాటిని బయట సముద్రపు నీరు చల్లబరిచే రెండో పద్ధతి ఖరీదైనదే అయినా పాత ఇంజిన్‌కు ఆయుష్షు పోసేది అదే. పడవ అడుగు కింద గొట్టాలు బిగించి ఆ మంచినీళ్లను వాటి గుండా తిప్పడం మూడోది. ఇందులో ఉప్పునీటి పంపే ఉండదు. కండలేరు క్రీకు లాంటి బురద నీళ్లలో తిరిగే పడవకు ఇది మేలు, ఎందుకంటే జల్లెడలో ఒండ్రు, నాచు చిక్కుకొని నీరాగిపోయే బెడద తప్పుతుంది.

వేట నుంచి వచ్చాక ఉప్పునీటి దారిలో పావుగంట మంచినీళ్లు పారించడం అన్నిటి కన్నా చవకైన మరమ్మతు. నీళ్ల దారిలో బిగించే జింకు కడ్డీలు తాము కరిగిపోతూ ఇనుమును, ఇత్తడిని కాపాడతాయి. సగం కరిగాక మార్చాలి. కడ్డీ చాలాకాలం కొత్తదానిలా మెరుస్తూ ఉంటే సంతోషపడకూడదు. దానికి బ్లాకుతో లోహపు సంబంధం తెగిందని, కరగాల్సింది అది కాక బ్లాకు కరుగుతోందని అర్థం. రంగు పూసిన చోట జింకు బిగిస్తే జరిగేది ఇదే.

నిలిపి ఉంచడం

తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరపడవలకూ ఇంజిన్ తెప్పలకూ వేట నిషేధం. 2015కు ముందు గడువు ఇంతకన్నా తక్కువ. ఇంజిన్ లెక్కలో ఇది గడ్డు కాలం. కత్తెర ఎండల్లో పగలు కాలిపోయే ఇనుము తెల్లవారుజామున చల్లబడితే దాని మీద సముద్రపు తేమ దిగుతుంది. తెరిచి ఉన్న వాల్వు గుండా ఆ తేమ సిలిండర్లోకి పోతుంది. రెండు నెలల తరవాత హ్యాండిల్ తిప్పబోతే రింగులు లైనర్‌కు పట్టేసి ఉంటాయి. ఈశాన్య రుతుపవనాల వేళ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, వాయుగుండాలతో చిన్న తెప్పలు ఒడ్డుకే పరిమితమయ్యే రోజులూ ఇలాంటివే.

ఆయిల్ మార్చాల్సింది ఇంజిన్‌ను మళ్లీ తీసేటప్పుడు కాదు, పక్కన పెట్టేటప్పుడే. డీజిల్‌లోని గంధకం మండి, తేమతో కలిసి తయారైన ఆమ్లం పాత ఆయిల్లో ఉంటుంది. రెండు నెలలు నిలిస్తే అది బేరింగుల మీదే నిలుస్తుంది. కనుక ఇంజిన్‌ను వేడెక్కేదాకా నడిపి, పాతది వేడిగా దించి, కొత్త ఆయిల్ పోసి, ఐదు నిమిషాలు తిప్పి ఆపాలి. ఇన్‌లెట్‌లో కాస్త ఆయిల్ వేసి చేత్తో నాలుగు చుట్లు తిప్పితే లైనర్ గోడకు పూత పడుతుంది. గాలి దారినీ పొగగొట్టాన్నీ ఆయిల్ గుడ్డతో మూసి పైన ప్లాస్టిక్ కవరు కట్టాలి. ఆ గుడ్డ సంగతి స్టార్ట్ చేసేవాడికి తెలిసేలా హ్యాండిల్‌కు ఒక తాడు ముక్క కట్టడం మంచిది. డీజిల్ ట్యాంకు నిండుగా ఉంచాలి. ఖాళీ ఉన్న మేరకు గాలి, ఆ గాలిలో తేమ. బ్యాటరీ ఉంటే ఇంటికి తీసుకుపోవాలి. వారానికొకసారి చేత్తో తిప్పి, మునుపు ఆగిన చోట కాకుండా వేరే చోట ఆపాలి.

వారానికొకసారి స్టార్ట్ చేసి రెండు నిమిషాలకే ఆపేయడం మంచిదనుకునేవారున్నారు. అది నష్టం. వేడెక్కని ఇంజిన్లో పుట్టిన నీటి ఆవిరి బయటికి పోక ఆయిల్లోనే చేరుతుంది.

ఇంధనం

పాత ఇంజిన్ స్టార్ట్ కాకపోతే మొదట చూడాల్సింది డీజిల్ వస్తోందా అని. లైనులో ఎక్కడైనా వాషరు అరిగితే డీజిల్ కారకపోయినా గాలి లోపలికి లాక్కుంటుంది. ఫిల్టరు మీది స్క్రూ వదులు చేసి, ఫీడ్ పంపు మీటను చేత్తో కొడుతూ, బుడగలు ఆగి డీజిల్ ధారగా వచ్చాక బిగించాలి. ఆపై నాజిల్ దగ్గరి నట్టు వదులు చేసి ఇంజిన్ తిప్పాలి. అక్కడా డీజిల్ చిమ్మితే లోపం డీజిల్ రాకలో లేదు, నాజిల్‌లోనో కంప్రెషన్‌లోనో ఉంది.

పంపు, నాజిల్ పని విడిగా ఒక విద్య. 1951లో మొదలైన మైకో కంపెనీ పేరే ఈ పనికి నేటికీ గుర్తు, షెడ్డులో ఎవరిదైనా అది ‘మైకో పంపే’. చిన్న ఇంజిన్లలో నాజిల్ సుమారు 200 బార్ల ఒత్తిడికి తెరుచుకుంటుంది. టెస్టింగు మిషను మీద పెట్టి మీట నొక్కితే మంచి నాజిల్ గరగరమని శబ్దం చేస్తూ పొగమంచులా చిమ్ముతుంది. పాడైనది ధారగా పోస్తుంది, కొనన చుక్క వేలాడుతుంది. ఆ ధార పిస్టన్ తలను కాల్చి బొక్క చేయగలదు. ధార ముందు చెయ్యి మాత్రం పెట్టకూడదు, ఆ ఒత్తిడికి డీజిల్ చర్మం లోపలికి దూసుకుపోతుంది.

బీఎస్–6 డీజిల్ 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చింది. గంధకం పది లక్షలకు 10 పాళ్లకు తగ్గింది. పాత పంపులు దీనితో అరిగిపోతాయన్న భయం ఒడ్డున వినిపిస్తుంది. గంధకం తీసే క్రమంలో పోయే జిడ్డుగుణాన్ని రిఫైనరీలోనే మందు కలిపి తిరిగి ఇస్తారు కనుక ఆ భయానికి పెద్దగా ఆధారం లేదు. పంపును నిజంగా తినేసేది కిరోసిన్ కల్తీ. నీళ్లు, డీజిల్ కలిసే హద్దులో పెరిగే సూక్ష్మజీవుల నల్లని జిగురు మరొకటి. ట్యాంకు అడుగు బిరడా తీసి నీళ్లు వదలడం అలవాటైతే దాని బెడద ఉండదు.

మునిగిన ఇంజిన్

ఏటి మొగ దాటేటప్పుడో అలల మీదుగా ఒడ్డుకు తోసేటప్పుడో తెప్ప తిరగబడటం ఈ తీరంలో అరుదు కాదు. 2004 డిసెంబరు 26 సునామీలో ఒడ్డున ఉన్న ఇంజిన్లే ఉప్పునీళ్లు తాగాయి. ఇలాంటి ఇంజిన్‌కు అసలు నష్టం నీటిలో ఉన్నప్పటి కన్నా బయటికి తీసి ఎండలో పెట్టాక వేగంగా జరుగుతుంది. ఉప్పుకు గాలి తోడైతే గంటల్లోనే తుప్పు కనిపిస్తుంది. మెకానిక్ రేపు గాని రాడంటే ఇంజిన్‌ను అప్పటిదాకా మంచినీళ్ల తొట్టిలో ముంచి ఉంచడం చూసేవాళ్లకు పిచ్చిగా తోస్తుంది గాని అదే సరైన పని.

హ్యాండిల్ మీద ఆశగా బలం వేయకూడదు. నీరు నొక్కుకోదు, సిలిండర్లో నీళ్లుండగా తిప్పితే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ముందు నాజిల్ ఊడదీయాలి. ఆ రంధ్రం నుంచి నీళ్లు ఎగజిమ్మేదాకా మెల్లగా తిప్పాలి. కింద ఆయిల్ బిరడా విప్పితే మొదట నీళ్లు, తరవాత మజ్జిగలా తెల్లబడిన ఆయిల్ దిగుతాయి. మంచినీళ్లతో కడిగి, డీజిల్ పోసి తిప్పి దించి, చవక ఆయిల్‌తో కాసేపు నడిపి దాన్నీ దించాలి. దిగే ఆయిల్ తేటగా వచ్చేదాకా ఇదే పని. డైనమో, స్టార్టరు మోటారు ఉంటే విప్పి విడిగా కడిగి ఆరబెట్టాలి.

లక్షణాలు

నల్లపొగ అంటే గాలికి మించిన డీజిల్: ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయి ఉండాలి, నాజిల్ చెడి ఉండాలి, లేదా ఇంజిన్ మీద మోయలేని లోడు పడి ఉండాలి. నీలిపొగ వస్తే ఆయిల్ మండుతోంది, రింగులో వాల్వు గైడ్లో అరిగాయి. తెల్లపొగ ఘాటుగా డీజిల్ వాసన వేస్తే కంప్రెషన్ తగ్గింది లేదా టైమింగ్ తప్పింది. వాసన లేకుండా ఆగని ఆవిరిలా వస్తే హెడ్ గ్యాస్కెట్ పోయి నీళ్లు దిగుతున్నాయి. ఆయిల్ గేజి కడ్డీ మీద మట్టం పోయకుండానే పెరిగితే సంతోషించాల్సింది ఏమీ లేదు, డీజిలో నీళ్లో ఆయిల్లో కలుస్తున్నాయి.

నల్లపొగకు పడవల్లో ఇంకో కారణం పెద్ద ఫ్యాను. వేగం కోసం పెద్ద రెక్కలు బిగిస్తారు. ఫ్యాను తిప్పడానికి కావలసిన బలం చుట్ల వేగానికి ఘనంగా పెరుగుతుంది కాబట్టి, వేగం పదో వంతు తగ్గించినా ఇంజిన్ మీది బరువు పావు వంతుకు పైగా తగ్గుతుంది. పాత ఇంజిన్‌కు ఇంతకు మించిన మందు లేదు. తమిళనాడు నుంచి వచ్చే ఎక్కువ హార్స్ పవర్ బోట్లతో పోటీ పడే చోట ఈ మాట ఎవరూ వినరు.

రొయ్యల చెరువు మీది ఇంజిన్ తీరు వేరు. వనామీ సాగుకు 2009లో అనుమతి వచ్చాక చెరువులో పిల్లల సాంద్రత పెరిగింది, ఏరేటర్లు ఆగితే తెల్లవారేలోగా పంట తేలిపోతుంది. కరెంటు పోయిన రాత్రి మాత్రమే అక్కరకొచ్చే జనరేటరు ఏడాదిలో ఎక్కువ భాగం నిద్రలోనే ఉంటుంది. వారానికొకసారి అరగంట, ఏరేటర్ల లోడు వేసి మరీ నడపాలి.

మేజర్ పని

పనికిదిగే ముందు కంప్రెషన్ చూడాలి. చిన్న ఇంజిన్లో డీకంప్రెషన్ మీట వేయకుండా హ్యాండిల్ తిప్పితే చేతికే తెలుస్తుంది, బిగువుగా వెనక్కి తన్నాలి. తన్నకపోతే హెడ్డు దించి వాల్వులు రుద్దాలి, లైనర్ కొలవాలి. బోరు కొట్టించి పావు మిల్లీమీటరు చొప్పున పెద్ద పిస్టన్లు వేసుకుంటూ పోవచ్చు, క్రాంక్‌నూ అలాగే లేత్ మీద అరగదీసి అండర్‌సైజు బేరింగులు వేయవచ్చు. మార్చే లైనర్లున్న ఇంజిన్లో బోరు పని అక్కరలేదు. లైనర్ అడుగున రబ్బరు రింగులకు సబ్బునీళ్లు రాసి దింపాలి, గ్రీజు రాస్తే ఉబ్బుతాయి. సముద్రం మీద బతకబోయే ఇంజిన్‌కు పాత రాగి వాషర్లు మళ్లీ వేయడం పిసినారితనం.

మెకానిక్‌లు ఎక్కువగా చూసి నేర్చుకున్నవారే. కొచ్చిలో 1963లో మొదలైన, విశాఖలోనూ శాఖ ఉన్న సిఫ్‌నెట్ సంస్థ మెరైన్ ఫిట్టరు శిక్షణ ఇస్తుంది. అక్కడ నేర్చుకున్నవారి చేతిలో ఫీలర్ గేజి, టార్క్ రెంచి కనిపిస్తాయి. హెడ్డు బోల్టులు మధ్య నుంచి అంచులకు, మూడు విడతలుగా, ఒకే బిగువుతో బిగించడం చేతి అంచనాతో కుదిరే పని కాదు. గ్యాస్కెట్ మళ్లీ మళ్లీ పోయే ఇంజిన్లలో తప్పు చాలాసార్లు గ్యాస్కెట్‌ది కాదు.

ఏది ఎప్పుడు వదులుకోవాలన్నది బ్లాకు చెబుతుంది. క్రాంక్, పిస్టన్, పంపు ఎన్నిసార్లయినా మారతాయి. లైనర్ కూర్చునే గట్టును ఉప్పునీరు తినేసి గుంటలు పడితే, నీటి గదుల గోడ సుత్తితో తడితే బద్దగా పలికితే, ఆ బ్లాకు మీద కొత్త సామాను వేయడం డబ్బు దండగ. అందులో మంచిగా ఉన్న హెడ్డునూ పంపునూ విప్పి దాచుకొని, మిగిలినదాన్ని కాటాకు వేస్తారు.