ఉష్ణ సహనం (పశువులు)

వేసవి ఎండల్లోనూ మేత, పాలు తగ్గకుండా, చూడి నిలిచేలా ఉండే గుణాన్ని పశువుల్లో ఉష్ణ సహనం అంటారు. దీన్ని జన్యుక్రమం ద్వారానూ, కణాల్లో ఆ వేళకు తయారైన ప్రోటీన్ల ద్వారానూ పరిశీలిస్తారు. మొదటిది పుట్టుకతో వచ్చిన సామర్థ్యాన్ని, రెండోది ఆ రోజు పశువు ఒంట్లో జరుగుతున్నదాన్ని చెబుతుంది.

ఈ ప్రోటీన్ల అధ్యయనానికి దారి తీసింది ఓ ఇంక్యుబేటర్ పొరపాటు. ఎవరో వేడి పెంచేయడంతో ఇటలీ శాస్త్రవేత్త ఫెరూచియో రిటోసాకు పండు ఈగల క్రోమోజోముల్లో కొత్త ఉబ్బులు కనిపించాయి. 1962లో ఆ సంగతి ప్రచురించారు. ఆ జన్యువులు తయారుచేసేవే హీట్ షాక్ ప్రోటీన్లు. వాటిలో ఒకటైన హెచ్‌ఎస్‌పీ70, వేడికి మడతలు చెదిరిన ప్రోటీన్లను పట్టుకుని సరిచేస్తుంది. రక్తంలో ఇది పెరిగిందంటే పశువు గట్టిదనే కాదు, బాగా ఇబ్బంది పడుతోందనీ కావచ్చు. ఒక్క కొలతతో తీర్పు చెప్పడం తొందరపాటే.

నల్గొండ జిల్లా త్రిపురారం లాంటి నాగార్జున సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు ఊళ్లలో పశువుల మధ్య ఈ సహనంలో తేడా కంటికే తెలుస్తుంది. నల్లతోలు, తక్కువ చెమట గ్రంథులు ఉన్న బర్రె మధ్యాహ్నానికి నీళ్లలో దిగుతుంది. మూపురం, వేలాడే గంగడోలు ఉన్న నాటు ఆవు ఎండను ఓర్చుకుంటుంది. ఇక జన్యుక్రమం వైపు చూస్తే, ఒంగోలు సంతతైన బ్రెజిల్ నెలోర్ జాతి జన్యుక్రమం 2012లో వెలువడింది. హైదరాబాద్‌లోని జాతీయ పశు జీవసాంకేతిక సంస్థ రూపొందించిన, పశువు జన్యు గుర్తులను చదివే 'ఇండిగౌ' చిప్ 2021లో విడుదలైంది. అందులోని 11,496 గుర్తులు ఒంగోలు, గిర్, సాహివాల్ వంటి దేశీ జాతులకు తగ్గట్టు ఎంచినవి. విదేశీ ఆవుల కోసం చేసిన చిప్‌లు ఇక్కడి వైవిధ్యాన్ని సరిగా పట్టలేవు.